పురుళ్ళ ఆస్పత్రిలో మా ఆయన

నాకు నలభై ఆరేళ్ళప్పుడు నేను కడుపుతో ఉన్నానని బెజవాడ నుంచి కంకిపాడు దాకా చెప్పుకున్నారు. అప్పటికి మా అమ్మాయికి కొడుకు పుట్టి ఏడాది దాటింది. ఆ మాట పుట్టించినవాళ్ళు ఆ రోజుల్లో చేతికి దొరికితే నమిలి ఊసేసేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఏడాది మా ఇంట్లో అసలు బెంగ కడుపు గురించి కాదు. మా ఆయన కుడిచెయ్యి గురించి.

డెబ్భైల నడుమ సంగతి ఇది. సత్యనారాయణపురంలో ఒక పెద్ద ఇంట్లో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. అమ్మాయికి పెళ్ళయి బందరు వెళ్ళిపోయింది కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన కాలువల ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటాన్ని, గంజి పెట్టిన పల్చని నున్నటి గుడ్డ మీద నల్లసిరాతో ఎక్కించడం ఆయన ఉద్యోగం. బందరు కాలువ, దాని పిల్లకాలువలు, ఆ పిల్లకాలువల పిల్లలు, తూములు, వంతెనలు, అన్నీ వెంట్రుకంత గీతల్లో రావాలి. గీత బెసికితే బ్లేడుతో సిరా గీకి మళ్ళీ గీసుకుంటారు. తోటి ట్రేసర్ల కలాల పెట్టెల్లో బ్లేడు ఉండేది. ఈయన పెట్టెలో ఇరవై రెండేళ్ళుగా లేదు. మిగతా విషయాల్లో గర్వం బొత్తిగా లేని మనిషి, ఆ ఒక్కటి మాత్రం చుట్టాలొచ్చినప్పుడు ఎలాగో ఒకలా మాటల్లోకి తెచ్చేవారు.

ఆ వేసవిలో ఇద్దరికీ ఒకేసారి మొదలైంది. నాకు ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మెడమీదుగా నెత్తికెక్కేది. జాకెట్టు తడిసి ముద్దయ్యేది. రెండు నిమిషాలు గడిస్తే చల్లబడి, పైగా వణుకొచ్చేది. ఆయనకలా కాదు, పొద్దు పొడిచింది మొదలు ఒకటే చెమట. పైగా ఆకలి. మూడుసార్లు అన్నం వడ్డించుకుని తిని, సాయంత్రం అయిదయ్యేసరికి వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసేవారు. ఇంత తిన్నా చొక్కా భుజాల మీంచి జారిపోయేది. ఇద్దరికీ కోపాలు కూడా వచ్చాయి. నాకు కోపం కొత్తేం కాదు, పుట్టుకతో వచ్చింది. ఆయనకి కొత్త. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరోజు కంచం ముందునుంచి లేచిపోయారు. పెళ్ళయ్యాక అలా లేవడం అదే మొదలు. నేను తెల్లబోయి, ఆ వెంటనే తేరుకుని, ఆయనకి నాలుగింతలు అరిచాను.

కంకిపాడులో మా అక్క ఉండేది. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నాకు అమ్మ స్థానం తనదే. లోకంలో ఉన్న జబ్బులన్నీ అక్క దృష్టిలో రెండు రకాలే, వేడి చేసినవి, చలవ చేసినవి. బస్సు దిగి వచ్చి, మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి తేల్చేసింది.

“ఇద్దరికీ వేడి చేసిందే. బెజవాడలో కాపురం ఉంటే చెయ్యదూ?”

ఇక చూడండి మా అవస్థ. పొద్దున్నే మజ్జిగలో నానబెట్టిన మెంతులు. పది గంటలకి బార్లీ నీళ్ళు. మధ్యాహ్నం సబ్జా గింజలు. ఆదివారం నడినెత్తిన అరచేతినిండా ఆముదం. వంకాయ, మామిడిపండు, నువ్వులు వద్దంది. ఆవకాయ జాడీ మూతకట్టు విప్పొద్దంది. కృష్ణా జిల్లా మనిషి కొత్తావకాయ లేకుండా వేసవి గడపడమంటే ఏమిటో పరాయి జిల్లా వాళ్ళకి చెప్పినా తెలియదు. ఆయన కిక్కురుమనకుండా అన్నీ పాటించారు. ఆముదం జిడ్డు నుదుటి మీదికి కారుతుండగా ఆఫీసుకి వెళ్ళేవారు.

తొలకరి పడింది. కాలువలకి నీళ్ళు వదిలారు. ఊరంతా చల్లబడింది. మేమిద్దరం మాత్రం చల్లబడలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు ఆయన పెట్టె తుడుస్తుంటే అందులో బ్లేడు కనబడింది. ఒకటి కాదు, సగం అయిపోయిన పొట్లం. ఆయన రాగానే చేతిలో పెట్టి, ఇదేమిటండీ అన్నాను. ఆయన కుడిచెయ్యి చాపి, దాని మీద దినపత్రిక కాగితం ఒకటి పరిచారు. కాగితం అంచులు గాలికి ఊగినట్టు ఊగాయి. గదిలో గాలి లేదు.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“ఉగాది నుంచి.”

అయిదు నెలలు నాకు చెప్పకుండా దాచుకున్నారన్న కోపం ఒకవైపు, ఆ చెయ్యి చూస్తే జాలి ఒకవైపు. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి మళ్ళీ మెంతులు నానబోశాను.

ఆఫీసులో ఏమనుకుంటున్నారో ఆ తర్వాత వారానికి తెలిసింది. మనిషి చిక్కిపోయాడు, కళ్ళు పెద్దవై ఎర్రగా బయటికి పొడుచుకొచ్చాయి, చెయ్యి వణుకుతోంది, పొద్దున పదింటికే చెమటలు. తాగుడు అలవాటైందనుకున్నారు. మా ఆయన రెండో కాఫీ తాగాలంటేనే మొహమాటపడే మనిషి. పెద్ద ఇంజనీరు గారు గదిలోకి పిలిచి మర్యాదగానే చెప్పారట.

“మీ పని మీద నాకు గౌరవం ఉందండీ. కానీ పటాలు పాడవుతున్నాయి. చెయ్యి కుదుటపడకపోతే మిమ్మల్ని తపాళ్ళ సెక్షన్‌కి మార్చక తప్పదు.”

జీతం తగ్గదు. తపాళ్ళ సెక్షన్‌లో కూర్చుని, వచ్చిన కవర్లు చింపి ముద్రలు కొట్టాలి, అంతే. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని ముందు ఎత్తు స్టూలు, ఇరవై రెండేళ్ళుగా అదే ఆయన చోటు. అది పోతే ఈయన ఇంటికొచ్చి నాతో ఏం మాట్లాడతారు?

ఇంతలో నా ఒంట్లో ఇంకో మార్పు. బహిష్టులు ఆగిపోయాయి. ఆ సెగలు మాత్రం కార్తీకమాసం చలిలో కూడా వస్తూనే ఉన్నాయి. గర్భసంచిలో గడ్డేమోనని భయం పట్టుకుంది. గవర్నరుపేటలో ఒక పురుళ్ళ ఆస్పత్రి ఉండేది. అక్కడ డాక్టరు గారు పెద్దావిడ, దళసరి కళ్ళద్దాలు, నూలు చీర, నవ్వు తక్కువ. ఈయన్ని తోడు తీసుకుని వెళ్ళాను. గర్భిణులు వరసగా కూర్చున్న బెంచీ చివర, గొడుగు రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని ఈయన కూర్చున్నారు.

డాక్టరు గారు నన్ను లోపల అంతా పరీక్ష చేసి, “మీకేం లేదమ్మా. ముట్లుడిగే వయసు. ఈ సెగలు ఏడాదో రెండేళ్ళో వస్తాయి, పోతాయి. భయపడకండి,” అన్నారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, సగం తెర మీంచి బయటికి చూసి ఆగిపోయారు.

“గొడుగు పట్టుకుని కూర్చున్నాయన ఎవరు?”

“మా ఆయనండీ. నాకు తోడొచ్చారు.”

“ఎవరు ఎవరికి తోడొచ్చారో తెలియట్లేదు. లోపలికి పిలవండి.”

ఆయన రానన్నారు. వచ్చాక కూడా గుమ్మంలోనే నిలబడి, “నాకెందుకండీ, నేను మగవాణ్ణి,” అన్నారు.

“మగవాళ్ళకి మెడ ఉండదా?” అన్నారావిడ.

నాడి చూశారు. మెడ తడిమారు. గుటక వెయ్యమన్నారు. చేతులు చాపమన్నారు. ఎక్కడ పని చేస్తారో అడిగి తెలుసుకుని, ఆయనకి అర్థమయ్యేట్టు ఓపిగ్గా చెప్పారు.

“ఒంట్లో హార్మోన్లని ఉంటాయండీ. గ్రంథుల్లోంచి అవి రక్తంలోకి కొలత ప్రకారం రావాలి. మీ కాలువలకి లాకుల దగ్గర నీళ్ళు వదుల్తారే, అలాగ. మీ గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి తలుపులు పూర్తిగా ఎత్తేసి కూర్చుంది. అందుకే ఆ చెమట, ఆ దడ, ఆ వణుకు, ఎంత తిన్నా చిక్కిపోవడం. మీ ఆవిడకి వేరే చోట కాలువ కట్టేసే రోజులొచ్చాయి, దానివల్ల ఆ సెగలు, ఒక్కోసారి కారణం లేకుండా ఏడుపు. ఇద్దరికీ చెమటే, ఇద్దరికీ చిరాకే. కానీ ఆవిడది వయసు. మీది జబ్బు. మందుంది.”

“మరి మజ్జిగ, మెంతులు?” అన్నాను, నోరు ఊరుకోక.

“తాగండి, తప్పేం లేదు. కానీ ఈ జబ్బు మజ్జిగ మాట వినదు.”

ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. చెయ్యి పోలేదు, మందుంది. దారి పొడుగునా రిక్షాలో అదే మాట్లాడాను. డాక్టరు గారు అన్నన్ని మాటల్లో ఆయన చెవికెక్కింది ఒకటే. ఇది ఎక్కువగా ఆడవాళ్ళకొచ్చే జబ్బు, మగవాళ్ళకి అరుదు అని ఆవిడ చివర్లో ఊరికే అన్నారు.

గుంటూరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకొచ్చాం. చిన్న గులాబీరంగు మాత్రలు రాసిచ్చారు. నెలనెలా నాడి, బరువు చూసే పని మాత్రం మా డాక్టరు గారే పెట్టుకున్నారు. అంటే ప్రతి నెలా మొదటి శనివారం మా ఆయన పురుళ్ళ ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవాలి. ఒంటరిగా వెళ్ళనని భీష్మించారు. నేను పక్కనుండాలి, మందుల చీటీ నా సంచీలో ఉండాలి, చూసేవాళ్ళు రోగం నాదే అనుకోవాలి. చుట్టాల్లోగానీ ఆఫీసులోగానీ ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఒంటికాలి మీద లేచాను గానీ, ఆ చెయ్యి చూసి ఒట్టు వేశాను.

ఇదంతా పక్క వాటా ఆవిడ కనిపెడుతూనే ఉందని నాకేం తెలుసు. ఆ రోజుల్లో ఇంట్లో రెండో ఆడమనిషి లేకపోతే, ఆ మూడు రోజులూ మొగుడే నీళ్ళు పట్టి వంట చెయ్యాలి. ఈయన కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, నేను దూరంగా ఉన్నానని వాటాలన్నిటికీ తెలిసేది. అలాంటిది అయిదు నెలలుగా ఈయన కుళాయి దగ్గరికి రాలేదు. పైగా నెలనెలా మొగుడూ పెళ్ళాం రిక్షా ఎక్కి పురుళ్ళ ఆస్పత్రికి వెళ్తున్నారు. ఆవిడ లెక్క ఆవిడ వేసుకుంది. ఆవిడ పుట్టిల్లు కంకిపాడు.

మాఘమాసానికి ఆయన కళ్ళు కొంచెం లోపలికి దిగాయి. దడ తగ్గింది. బరువు పెరిగారు. మళ్ళీ నెమ్మదిగా మాట్లాడుతున్నారు. సరిగ్గా అప్పుడే ఇంజనీరు గారు గడువు పెట్టారు. ఎండల్లో కాలువలు కట్టేసి మరమ్మతులు చేసేలోగా కొత్త పటాలు తయారవ్వాలి. సోమవారం నాటికి, జబ్బే అయితే డాక్టరు కాగితం తేవాలి, లేదా తపాళ్ళ సెక్షన్‌కి వెళ్ళిపోవాలి.

డాక్టరు గారు అడిగిన వెంటనే రాసిచ్చారు. జబ్బు ఇది, మందు ఇది, తగ్గుతోంది అని. కాగితం పైన ఒళ్ళో పాపాయిని పెట్టుకున్న తల్లి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ప్రసూతి ఆస్పత్రి అని. మా ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, బీరువాలో పంచెల అడుగున దోపేశారు.

“ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసి, ఇంజనీరు గారి ముందు ఇది పెట్టనా? తాగుబోతు అనుకుంటే అనుకోనీ. అది నయం.”

“ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?” అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. కంచం పెట్టేదాన్ని, తినేవారు.

ఆదివారం పొద్దున అక్క వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నె, దాని మీద కొత్త రవికెల గుడ్డ, గాజులు, చామంతులు. వెనకాల పక్క వాటా ఆవిడ, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. వచ్చీ రావడంతో పీట వాల్చి, నన్ను కూర్చోమంది. గిన్నె మూత తీస్తే చలిమిడి. కడుపుతో ఉన్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు అయిదో నెలలో పెట్టే చలిమిడి.

“ఈ వయసులో సిగ్గేంటే నాకు చెప్పడానికి? దేవుడిచ్చాడు. అమ్మ లేదని దిగులు పడకు, నేనున్నాను,” అంది. అంటూంటే తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. “నాకు ముట్లుడిగాయి అక్కా, కడుపూ లేదు, కాకరకాయా లేదు,” అన్నాను.

“మరి నెలనెలా పురుళ్ళ ఆస్పత్రికెందుకు పోతున్నట్టు?”

ముందుగదిలో ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ ఒట్టు వేశాను. నలుగురు ఆడవాళ్ళ కళ్ళూ నా పొట్ట మీదే ఉన్నాయి. మనవడున్నదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. నేలచూపులు చూస్తూ కూర్చున్నాను తప్ప నోరు విప్పలేదు. నా అంతట నేను నోరు మూసుకుని కూర్చోవడం అక్క ఎన్నడూ చూడలేదు. దాంతో కడుపు నిజమేననుకుంది.

పేపరు మడిచిన చప్పుడైంది. ఆయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఆస్పత్రికి వెళ్తోంది నేను, వదినగారూ. జబ్బు నాది. మీ చెల్లెలు నాకు తోడొస్తోంది.”

అక్క ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. “పురుళ్ళ ఆస్పత్రికి మీరెందుకండీ?”

“అక్కడి డాక్టరు గారే నా జబ్బు పట్టుకున్నారండీ. గొంతులో గ్రంథి. చెయ్యి వణుకు అందువల్లే. మందు వాడుతున్నాను.”

“అయితే మెంతులకి తగ్గలేదా?” అంది అక్క, మనసు కష్టపెట్టుకుని.

“తగ్గలేదండీ.”

పక్క వాటా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ వెనకే నడిచారు. గోడవతల నవ్వులు వినబడ్డాయి. అక్క మాత్రం నవ్వలేదు. పెట్టడానికి తెచ్చిన చలిమిడి వెనక్కి తీసుకెళ్ళకూడదంది. ఆయన్నే పీట మీద కూర్చోబెట్టి, “ఎవరు తిన్నా చలవే, తినండి,” అని రెండు ఉండలు చేతిలో పెట్టింది. ఆయన బుద్ధిగా తిన్నారు. రెండు రోజుల తర్వాత నాకు మొదటిసారి నవ్వొచ్చింది.

అన్నాలయ్యాక అడిగాను. “ఇంతమంది ముందు చెప్పారుగా. ఇంజనీరు గారు ఒక్కరికి చెప్పలేరా?”

ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. “ఆ కాగితం ఇవ్వలేకపోవడం సిగ్గుతోనే కాదే. ఇది ఇచ్చానంటే, సరే గీసి చూపించమంటారు. గియ్యలేకపోతే?”

మందు మొదలుపెట్టాక ఒక్కసారి కూడా ఆయన సిరాకలం పట్టలేదని అప్పుడు చెప్పారు. ఆఫీసులో పెన్సిలు పటాలు సరిచూస్తూ కాలం నెట్టుకొస్తున్నారట. కాగితం దాచింది అందుకు. మందు పనిచెయ్యలేదని తేలిపోతే, ఇక ఆశ పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగలదని భయం. మొన్న నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది.

లేచి వెళ్ళి పెట్టె తెచ్చాను. అక్క పీట తుడిచి ముందు పెట్టింది. ఆయన పెట్టెలోంచి పటాల గుడ్డముక్క తీసి పరిచి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, కలంలో సిరా నింపారు. స్కేలు లేకుండా ఒకే ఊపిరిలో జానెడు గీత గీశారు. నేనూ అక్కా చెరో పక్కన వంగి చూస్తున్నాం.

“బాగానే ఉందిగా,” అంది అక్క.

“చివర వణికింది,” అన్నాను నేను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

“వణికింది,” అన్నారాయన. “శ్రావణంలో గీత మొదట్లోనే వణికేది.”

ఆ గీతని తలవంచి మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. అంత తేటపడిన మొహం నేను చూసి ఏడాదయింది.

సోమవారం ఆ కాగితమూ, ఆ గుడ్డముక్కా జేబులో పెట్టుకుని వెళ్ళారు. ఆ రోజు నాకు పనేమీ తోచలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. అక్క ఊరెళ్ళకుండా ఉండిపోయి, నాతోపాటు బియ్యం ఏరింది.

అయిదున్నరకి వచ్చారు. చెప్పులు విడుస్తూనే చెప్పారు. ఇంజనీరు గారు కాగితం చదివారట, పైనున్న బొమ్మ చూసి ఏమీ అనలేదట. గుడ్డముక్కని మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకెదురుగా పెట్టి చూశారట. ఎండలు ముదిరేలోగా గీత చివరిదాకా నిలుస్తుందా అని అడిగితే, నిలుస్తుందండీ అన్నారట ఈయన. అయితే బల్ల దగ్గరే ఉండండి, ముందు చిన్న పటాలు చెయ్యండి, అన్నారట.

వింటూ వింటూ భోరుమన్నాను. గుమ్మంలోనే, అక్క చూస్తుండగానే.

ఆయన కంగారుపడి దగ్గరికొచ్చారు. “ఊరుకో, ఊరుకో. డాక్టరు గారు అన్నారుగా, ఈ వయసులో కారణం లేకుండా ఏడుపొస్తుందని. అదే పోతుంది.”

“కారణం లేకపోవడమేమిటండీ, నా మొహం. మీరు తపాళ్ళ సెక్షన్‌లోంచి ఇంటికొస్తారేమోనని పొద్దుట్నుంచి చస్తున్నాను.”

ఆయన కుడిచెయ్యి నా భుజం మీద వేసి అలాగే ఉంచారు. ఆ చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. వణికితే వణకనీ అనుకున్నాను.